లూప్ హెడ్ పిట్టల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా. నీకు కన్ను ఉంది, ఓపిక ఉంది, వాక్యం కూడా నీ మాట వింటుంది. కానీ వ్యాసంలో పిట్టలు లేవు. నీ సంతోషం ఉంది, అట్లాంటిక్ "అనంతం" అన్న మాట పేజీకి ఒకసారి ఉంది, కొండ అంచు "భీకర సౌందర్యం" ఉంది, షియర్‌వాటర్లు అనే సముద్రపు పక్షులు "అలలపై నాట్యం" చేశాయి. ఆగస్టు చివర ఐర్లాండ్ పడమటి తీరాన బ్రిడ్జెస్ ఆఫ్ రాస్ దగ్గర రాయికి వీపు ఆనించి, ముక్కు కారుతుంటే తుడుచుకుంటూ, పొద్దున్నంతా టెలిస్కోప్‌లోంచి చూసినవాడివి నువ్వు. అంత కష్టపడి చూసి వచ్చి, ఎక్కడా కదలకుండా కూర్చున్నవాళ్లు కూడా రాయగలిగిన వాక్యాలు రాస్తే ఎలా?

ముందు గాలి సంగతి. నువ్వు ఆ రోజు అక్కడే ఎందుకు కూర్చున్నావో వ్యాసం మొత్తంలో ఎక్కడా లేదు. అందమైన చోటు కాబట్టి వెళ్లావని చదివేవాళ్లు అనుకుంటారు. అందం కోసమైతే పక్కనే మోహెర్ కొండలున్నాయి, 214 మీటర్ల ఎత్తు, కాఫీ కూడా దొరుకుతుంది. రాస్ దగ్గర కొండ అంత ఎత్తేమీ ఉండదు. ఒకప్పుడు మూడు రాతి వంతెనలు ఉండేవి, రెండు కూలిపోయి ఇప్పుడు ఒక్కటే మిగిలింది. అయినా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పిట్టలు చూసేవాళ్లు అక్కడికే ఎందుకొస్తారంటే, ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే సముద్రపు పక్షులు మామూలు రోజుల్లో తీరానికి ఎంతో దూరంగా, మన కంటికి ఆనకుండా వెళ్లిపోతాయి. అల్పపీడనం ఒకటి దాటిపోయి గాలి వాయవ్యం నుంచి వీచడం మొదలైందంటే, అది వాటిని ఈ క్లేర్ కౌంటీ తీరం వైపు నెట్టేస్తుంది. అలా లోపలికి కొట్టుకొచ్చినవి మళ్లీ బయటి సముద్రంలోకి పోవాలంటే గాలికి అడ్డంపడి పడమరకు ఎగురుతూ లూప్ హెడ్ కొండకొమ్ము చుట్టి పోవాలి. అదిగో, ఆ దారిలో రాస్ దగ్గర ఒడ్డుకు బాగా దగ్గరగా వస్తాయి, కుడి నుంచి ఎడమకు, ఒకదాని వెనక ఒకటి. గాలి లేని రోజున అదే చోట అదే స్కోప్ పెట్టుకుని కూర్చో, నీళ్లు తప్ప ఏమీ కనిపించదు. అంటే నీ వ్యాసంలో అసలు పని చేసింది గాలి, దాని పేరే నువ్వు రాయలేదు.

ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఏరన్ వాళ్ల సముద్ర వాతావరణ సూచన రోజూ విను. ఊళ్ల పేర్లు చెప్పరు, కొండకొమ్ముల పేర్లు చెప్తారు: లూప్ హెడ్ నుంచి స్లైన్ హెడ్, అక్కడి నుంచి ఎరిస్ హెడ్ అంటూ. గాలి బలం ఫోర్స్ 6కు చేరితే చిన్న పడవలకు హెచ్చరిక ఇస్తారు. మత్స్యకారులు పడవలు కట్టేసుకునే ఆ రోజే మనం స్కోప్ భుజాన వేసుకుని బయల్దేరతాం. ఇలాంటి విషయం ఒక్కటి వ్యాసం మొదట్లో పెడితే చదివేవాళ్లకు ఆ రోజు అర్థమైపోతుంది. "చలిగాలి ఒళ్లు జలదరింపజేసింది" అనే వాక్యం తీసెయ్.

ఇంకోటి, ఇది కొంచెం గట్టిగానే చెప్పాలి. మోహెర్ దగ్గర పఫిన్లు గుంపులుగా కూర్చున్నాయని రాశావు. ఆగస్టు చివర్లోనా? జులై ముగిసేసరికి పఫిన్లు, గిల్లెమాట్లు, రేజర్‌బిల్లులు పిల్లల్ని పెంచుకుని సముద్రంలోకి వెళ్లిపోతాయి, ఎక్కడో ఒకటీ అరా మిగిలితే మిగలొచ్చు. గుంపులు నువ్వు చూసి ఉండవు. పోస్టరులో చూసి ఉంటావు, పఫిన్ లేకపోతే ఐర్లాండ్ వ్యాసం వెలితిగా ఉంటుందనిపించి ఉంటుంది. తీసెయ్. నువ్వు నిజంగా చూసింది అంతకంటే గొప్పది: ఖాళీ అయిపోయిన రాతి అరలు, వేసవంతా వేల పక్షులు కూర్చున్న చోట తెల్లటి రెట్ట చారలు, అక్కడక్కడ ఇంకా ఎగరలేని ఫుల్మర్ పిల్ల ఒకటి బొద్దుగా కూర్చుని, దగ్గరికెళ్తే కంపు కొట్టే నూనె కక్కడానికి సిద్ధంగా ఉండటం. ఆ ఫుల్మర్లు 1911లో మాయో కౌంటీలో మొదటిసారి గూడు పెట్టేదాకా ఈ దేశంలో గూళ్లు పెట్టినవే కావు. వేసవి చివర అంటే ఇదే, సగం పక్షులు వెళ్లిపోయాయి, సగం దారిలో ఉన్నాయి. కొండ మీద ఊదారంగు హెదర్, పసుపు గోర్స్ కలిసి పూసి ఉంటాయి, వసంతంలో గులాబిరంగులో ఉన్న థ్రిఫ్ట్ పూలు కాగితంలా ఎండి గోధుమరంగుకు వస్తాయి. నెల చెప్పకుండానే నెల తెలియాలి చదివేవాళ్లకు.

నీకు నిజంగా పనికొస్తుందని నేను నమ్మేది ఒకటి చెప్తాను. ఇక్కడ ఎవరైనా చాలా అరుదైన పక్షిని చూశానంటే మాట మీద నమ్మరు. ఐరిష్ రేర్ బర్డ్స్ కమిటీ అని ఉంది, దానికి వివరణ రాసి పంపాలి. ఎంత దూరంలో ఉంది, వెలుగు ఎటు నుంచి పడుతోంది, ఎంతసేపు కనిపించింది, ఎగిరే తీరు ఏమిటి, రెక్క మీద ఏ రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, అలాగే ఉండే ఇంకో పక్షి కాదని ఎలా తేల్చావు. అందులో "అద్భుతం" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. అలాంటి వివరణలు రాయడం అలవాటు చేసుకో, మామూలు పిట్టకు కూడా, ఎవరికీ పంపకపోయినా. తెలుగులో వచనం రాసేవాళ్లకు ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు. మన చదువుల్లో పెద్ద మాటలు వాడితే మార్కులు వేశారు, ఎటు నుంచి వెలుగు పడిందో ఎవరూ అడగలేదు.

నీ వ్యాసంలో "ఒక అందమైన తెల్లని పక్షి, పేరు తెలియదు" అన్నావే, నువ్వు పంపిన ఫోటో మసకగా ఉన్నా అది సబీన్స్ గల్ అనే సముద్రపు పక్షేనని నాకు అనిపిస్తోంది. ఆ పక్షి కోసం ఇంగ్లండ్ నుంచి కూడా వచ్చి రాస్ దగ్గర కూర్చుంటారు. అది కెనడా, గ్రీన్‌లాండ్ ఉత్తరాన గుడ్లు పెట్టి, ఆఫ్రికా దక్షిణ కొస దగ్గరి సముద్రానికి వెళ్తూ దారిలో ఇక్కడ కనిపిస్తుంది. దాని పేరులోని సబీన్, ఎడ్వర్డ్ సబీన్, డబ్లిన్‌లోనే 1788లో పుట్టాడు. 1818లో ఆర్కిటిక్ యాత్రకు వెళ్లి గ్రీన్‌లాండ్ దగ్గర దాన్ని చూశాడు, వాళ్లన్న జోసెఫ్ దానికి ఆ పేరు పెట్టాడు. ఇదంతా తర్వాత రాయొచ్చు. ముందు పక్షిని రాయి. ఉదాహరణకు ఇలా:

"గల్ గుంపులో అన్నిటికంటే చిన్నది. తల ముదురు బూడిద. రెక్క చాపినప్పుడు మూడు ముక్కలు విడివిడిగా కనిపించాయి, బయటి అంచున నలుపు, వెనక తెలుపు, వీపు దగ్గర బూడిద. కిట్టివేక్ పిల్ల అనుకున్నాను, కానీ దానికుండే నల్లటి అడ్డపట్టీ రెక్క మీద లేదు. అల వెనక దిగింది, మళ్లీ లేచింది, ఎడమకు వెళ్లిపోయింది."

చూడు, ఇందులో ఒక్క విశేషణం కూడా పొగడ్త కాదు. అయినా చదివేవాళ్లు అల వెనక దిగిన పక్షి మళ్లీ లేస్తుందా లేదా అని ఎదురుచూస్తారు. "కిట్టివేక్ పిల్ల అనుకున్నాను" అన్న మాట ముఖ్యం, నీ అనుమానాన్ని దాచకు. "బహుశా గ్రేట్ షియర్‌వాటర్, దూరం ఎక్కువ" అని రాస్తే నీ మీద నమ్మకం పెరుగుతుందే గానీ తగ్గదు.

పక్షి చేస్తున్న పని రాయి. షియర్‌వాటర్ నాట్యం చేయడం లేదు. రెక్కలు బిగబట్టి ఒక పక్కకు వాలి, అల మీది గాలి పైకి లేపుతుంటే రెక్క ఆడించే కష్టం తప్పించుకుంటూ పోతోంది. అందుకే మ్యాంక్స్ షియర్‌వాటర్ ఒకసారి నల్లగా, మరుక్షణం తెల్లగా కనిపిస్తుంది, ముందు వీపు, తర్వాత పొట్ట. ఎందుకు పోతోందో తెలిస్తే ఇంకా మంచిది. ఆ రోజుల్లో ఇక్కడి దీవుల్లో నేలలో తవ్వుకున్న బొరియల్లో దాని పిల్లలు ఒంటరిగా ఉంటాయి, తల్లిదండ్రులు అప్పటికే వదిలేసి వెళ్లిపోతాయి. ఆ పిల్ల ఒక రాత్రి బయటికొచ్చి, దారి చూపే పెద్దది ఏదీ లేకుండా, బ్రెజిల్, అర్జెంటీనా వైపు సముద్రానికి బయల్దేరుతుంది. గ్రేట్ షియర్‌వాటర్ కథ ఇంకోలా ఉంటుంది. అది దక్షిణ అట్లాంటిక్‌లో ట్రిస్టన్ డా కున్యా, గఫ్ దీవుల్లో గుడ్లు పెట్టే పక్షి, మన వేసవి దానికి చలికాలం, తిండి కోసం ఉత్తరాదికి వచ్చి తిరిగి ఇంటికి పోతూ ఉంటుంది. ఒకే గంటలో నీ స్కోప్ ముందు నుంచి ఇల్లు వదిలినవీ ఇంటికి పోతున్నవీ కూడా వెళ్తాయి. ఇది తెలిసినవాడికి "అనంతం" అన్న మాట అవసరం రాదు.

గానెట్ గురించి నువ్వు రాసిన ఒక్క పేరా మాత్రం నాకు నచ్చింది. రెక్కలు వెనక్కి మడిచి బాణంలా నీళ్లలో పడటం అందరూ రాస్తారు. నువ్వు అది పైకి తేలాక తల విదిలించుకుని, కాసేపు ఏమీ చేయకుండా నీళ్ల మీద కూర్చోవడం రాశావు. అదీ చూడటమంటే. దాన్ని ఇంకా పెంచు. తెల్ల గానెట్ల మధ్య ముదురు గోధుమరంగువి, వీపు మీద తెల్ల చుక్కలున్నవి కనిపించి ఉంటాయి, అవి ఈ ఏడు పుట్టినవి. కెర్రీలో లిటిల్ స్కెల్లిగ్ దీవి మీద 2014 లెక్కలో 30 వేలకు పైగా జతలు గూళ్లు పెట్టాయి. 2022లో బర్డ్ ఫ్లూ వచ్చి గానెట్లు విపరీతంగా చచ్చాయి, ఇక్కడి తీరాలకు కళేబరాలు కొట్టుకొచ్చాయి. తర్వాత స్కాట్లాండ్‌లో బాస్ రాక్ మీద గమనిస్తే, జబ్బు తట్టుకుని బతికిన వాటిలో కొన్నిటికి లేత నీలం రంగులో ఉండాల్సిన కంటిపాప చుట్టూ నల్లగా మారిపోయింది. ఆ మాట చదివిన రోజు నాకు తిండి సయించలేదు. నీ వ్యాసంలో దుఃఖానికి చోటుంటే అది ఇక్కడ ఉంది, సూర్యాస్తమయంలో లేదు.

ఇక గోదావరి. ప్రతి రెండు పేరాలకూ గోదావరి గుర్తొచ్చింది నీకు. మన ఊరి మీద బెంగ ఉంటుంది, నాకూ ఉంది, కానీ అట్లాంటిక్ గోదావరిలా ఉండదు, ఉన్నట్టు రాస్తే రెండింటికీ అన్యాయం. నిజంగా సంబంధం ఉన్న చోట రాయి, చాలా ఉంది. పక్క ఊరు కిల్‌బాహాలో ఆటు వచ్చినప్పుడు నాచు మీద నిలబడిన ఆ బూడిదరంగు కొంగ కొల్లేట్లో మనం చూసే నారాయణ పక్షే, అదే జాతి. రాళ్ల మీద నాచు తిరగేస్తూ పురుగులు ఏరుకునే టర్న్‌స్టోన్లు ఆర్కిటిక్‌లో పుట్టినవి, ఆగస్టులో కొన్ని ఇక్కడ దిగుతాయి, అదే జాతివి మరికొన్ని మన కాకినాడ తీరానికి పోతాయి. వైర్ల మీద వరసగా కూర్చుని ఆఫ్రికా ప్రయాణానికి సిద్ధమవుతున్న వానకోయిలలు కూడా అంతే, మన పొలాల మీద చలికాలంలో ఎగిరేవి వీటి జాతివే, వేరే దారిన వస్తాయి. ఇలాంటిది ఒక్కటి చాలు, నీ బెంగ అందులోనే తెలుస్తుంది.

పక్కన కూర్చున్న మనుషుల్ని కూడా వదిలేశావు. "స్కువా, రెండో అల వరస మీద, ఎడమకు, ఇప్పుడు రాయి దాటుతోంది" అని ఎవరో అరుస్తారు, అందరి స్కోపులూ ఒకేసారి తిరుగుతాయి, కొత్తవాడికి దొరికిందా లేదా అని ముసలాయన అడుగుతాడు. ఆ అరుపులో దిక్కు, దూరం, వేగం అన్నీ ఉన్నాయి. సంభాషణ రాయడం అక్కడ నేర్చుకోవచ్చు.

అంచుకు మరీ దగ్గరగా వెళ్లకు. గొర్రెలు కొరికిన పొట్టి గడ్డి తడిస్తే సబ్బులా జారుతుంది. ఇది రచన గురించి కాదు, అక్కగా చెప్తున్నా.

శుక్రవారం అల్పపీడనం దాటుతుందని, శనివారం పొద్దున వాయవ్య గాలి ఫోర్స్ 6 ఉంటుందని సూచన చెప్తోంది. తెల్లారేసరికి రాస్ దగ్గర కార్లు ఆపే చోట ఉంటాను, స్కోప్ అద్దం తుడవడానికి మెత్తటి గుడ్డ రెండు తెచ్చుకో, ఉప్పు తుంపర పడి పది నిమిషాలకోసారి మసకబారుతుంది. నోట్‌బుక్, పెన్సిల్ తెచ్చుకో, పెన్ను వద్దు, తడి కాగితం మీద రాయదు. ఫోన్ కార్లోనే పెట్టేద్దాం. పాత డ్రాఫ్ట్ తేవద్దు, గానెట్ పేరా ఒక్కటి చించి తీసుకురా, అక్కడి నుంచి మొదలుపెడదాం.

ప్రేమతో,
అక్క