గడువుకు ముందే రెండేళ్ల పొడిగింపు లాభమేనా?

ప్రశ్న: నేనూ నా భార్యా కలిపి పదకొండు సబ్‌స్క్రిప్షన్లకు డబ్బు కడుతున్నాము. వీడియో, సంగీతం, వార్తాపత్రిక, క్లౌడ్ స్టోరేజ్, యాంటీవైరస్, నా వెబ్‌సైట్ డొమైన్ వంటివి వాటిలో ఉన్నాయి. వార్తాపత్రిక చందాకు ఇంకా మూడు నెలల గడువు ఉండగానే, ఇప్పుడే రెండేళ్లకు పొడిగిస్తే 25 శాతం తగ్గిస్తామని మెయిల్ వచ్చింది. తీసుకోమంటారా? మిగిలినవి ఎప్పుడు రెన్యువల్ అవుతున్నాయో డబ్బు కట్ అయ్యాక గానీ తెలియడం లేదు. కార్డు మారినా కొన్ని ఆగలేదు. వీటిని అదుపులో పెట్టుకునేదెలా?

జవాబు: ముందుగా ఆ మెయిల్ సంగతి చూద్దాం. తగ్గింపు ఎంత అన్నది పక్కన పెట్టి, కొత్త గడువు ఏ రోజు నుంచి మొదలవుతుందో నిబంధనల్లో వెతకండి. ఇప్పుడున్న గడువు ముగిసిన మరునాటి నుంచి మొదలైతే మీ చేతిలో ఉన్న మూడు నెలలకు నష్టం లేదు. డబ్బు కట్టిన రోజు నుంచే మొదలయ్యేట్టయితే మాత్రం, ఇదివరకే కొన్న మూడు నెలలను మళ్లీ కొంటున్నట్టు లెక్క.

అంకెల్లో చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. నెలవారీ ధర 100 అనుకుందాం. రెండేళ్లకు 2,400 అవుతుంది, 25 శాతం తగ్గిస్తే 1,800. కొత్త గడువు ఈ రోజే మొదలైతే మీకు అదనంగా వచ్చేవి 21 నెలలే కాబట్టి నెలకు దాదాపు 86 పడుతుంది, అంటే 25 శాతం అనుకున్న తగ్గింపు కాస్తా 14 శాతానికి దిగుతుంది. అదే పత్రికకు 1,000 ధరతో ఏడాది చందా కూడా ఉందనుకోండి, అప్పుడు కథ మరోలా ఉంటుంది. ఈ ‘తగ్గింపు’ ధరను ఏడాదికి లెక్కగడితే 1,028 దాటుతుంది. ఏ ఆఫరూ లేకుండా గడువు ముగిశాక మామూలుగా ఏడాదికి కట్టుకున్నవారే మీకన్నా తక్కువ ఇచ్చినవారవుతారు. తగ్గింపు శాతాన్ని ఏ ధర మీద లెక్కగట్టారో చూడకుండా ఏ పొడిగింపుకూ ఒప్పుకోవద్దని నేను చెప్పేది ఇందుకే. చాలా ఆఫర్లలో ఆ ధర నెలవారీ ధరే అయి ఉంటుంది, ఎందుకంటే దానితో పోల్చినప్పుడే శాతం పెద్దదిగా కనిపిస్తుంది.

కొత్త గడువు పాత గడువు తర్వాతే మొదలవుతుందని తేలినా రెండో లెక్క మిగిలే ఉంటుంది. ఏడాదికి 1,000 చొప్పున రెండేళ్లకు అయ్యే 2,000 బదులు ఇప్పుడే 1,800 కడితే మిగిలేది 200. ఏడాది తర్వాత మీరు ఆ పత్రిక చదవడం మానేస్తే పోయేది 800. అంటే, ధర మారదనుకుంటే, మానేసే అవకాశం అయిదింట ఒక వంతు దాటిన పక్షంలో ఏడాది చందాయే మేలు. ఎన్నో ఏళ్లుగా రోజూ చదువుతున్న పత్రికైతే, అందులోనూ ధర పెంచబోతున్నట్టు సంస్థ ఇప్పటికే ప్రకటించి ఉంటే, నేను రెండేళ్లకు నిస్సంకోచంగా కడతాను. ఆరు నెలల క్రితం మొదలుపెట్టినదైతే కట్టను.

మున్ముందు ఎంత వాడతామన్న అంచనాలో మనం సాధారణంగా మన గురించి మనమే ఎక్కువ చేసి చెప్పుకుంటాం. అమెరికాలోని జిమ్ సభ్యులపై 2006లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, విడిగా టికెట్ల కట్ట కొనుక్కుంటే ఒక్కోసారికి 10 డాలర్లతో పోయేదానికి, నెలవారీ సభ్యులు సగటున 17 డాలర్లకు పైగా చెల్లిస్తున్నట్టు తేలింది. చివరిసారి జిమ్‌కు వెళ్లిన తర్వాత సభ్యత్వం రద్దు చేసుకోవడానికి వారికి సగటున రెండు నెలలకు పైగా పట్టింది. అందువల్ల పొడిగింపు నిర్ణయానికి రాబోయే సంవత్సరపు సంకల్పాన్ని కాక, గడచిన మూడు నెలల వాడకాన్ని ఆధారంగా తీసుకోండి. చాలా యాప్‌లలో చూసినవి, చదివినవి, విన్నవి చరిత్రగా నిల్వ ఉంటాయి. అక్కడ కనిపించేదే అసలు సమాధానం.

ముందుగా కట్టిన డబ్బు గురించి చాలామంది పట్టించుకోని మరో సంగతి ఉంది. మూడేళ్ల రుసుము ఒకేసారి చెల్లిస్తే, సేవ అందే వరకు ఆ సంస్థకు హామీ లేని అప్పు ఇచ్చినట్టే. సంస్థ దివాలా తీస్తే మిగిలిన నెలల డబ్బు కోసం సాధారణంగా అప్పులవాళ్ల వరుసలో వెనక నిలబడవలసి వస్తుంది. ‘జీవితకాలం’ అని అమ్మే ప్లాన్లలో జీవితకాలం మీది కాదు, ఆ ఉత్పత్తిది. చిన్న సంస్థల విషయంలో ఏడాదికి మించి ముందుగా కట్టకపోవడం నా అలవాటు.

ఇక మిగిలిన పది సబ్‌స్క్రిప్షన్ల విషయం. అన్నింటికీ ఆటో రెన్యువల్ ఉంచడం, లేదా అన్నింటికీ తీసేయడం, రెండూ సరికాదు. గడువు జారిపోతే ఏం పోతుందన్నదాన్ని బట్టి వాటిని విడదీయండి. వీడియో, సంగీతం, పత్రిక వంటివి ఒక వారం ఆగినా పోయేదేమీ ఉండదు, కావాలనిపించిన రోజు మళ్లీ కట్టుకోవచ్చు. వీటికి డబ్బు కట్టిన రోజే ఆటో రెన్యువల్ తీసేయండి. సాధారణంగా కట్టిన గడువు ముగిసే వరకు సేవ కొనసాగుతూనే ఉంటుంది. అయితే కొన్ని ఉచిత ట్రయల్స్ రద్దు చేసిన క్షణంలోనే ఆగిపోతాయి కనుక ఆ ఒక్క విషయం ముందు చదువుకోండి. పాత ధరకే కొనసాగుతున్న ప్లాన్ ఏదైనా ఉంటే దాన్ని కూడా తొందరపడి వదలవద్దు, ఒకసారి ఆగితే ఆ ధర మళ్లీ దొరకకపోవచ్చు.

డొమైన్, క్లౌడ్ స్టోరేజ్ వంటివి ఇందుకు పూర్తిగా భిన్నం. ‘.కామ్’ వంటి డొమైన్‌ను గడువు తర్వాత రిజిస్ట్రార్ (ఆ పేరును మీకు నమోదు చేసి ఇచ్చిన సంస్థ) తొలగిస్తే, దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి 30 రోజుల వ్యవధి ఉంటుంది. కానీ అప్పుడు కట్టవలసిన రుసుము మామూలు రెన్యువల్ కన్నా చాలా ఎక్కువ ఉంటుంది, ఆ వ్యవధి కూడా దాటితే ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. స్టోరేజ్ ఆగితే కొత్త ఫైళ్లు చేరవు, చాలాకాలం అలాగే వదిలేస్తే ఉన్నవి కూడా తొలగించే అధికారాన్ని సంస్థలు నిబంధనల్లో ఉంచుకుంటాయి. ఇటువంటివాటికి ఆటో రెన్యువల్ ఉంచండి, కార్డు గడువు తేదీ దాటకుండా చూసుకోండి, రెండేళ్లకో మూడేళ్లకో ముందుగా పొడిగించడం కూడా ఇక్కడ సమంజసమే. యాంటీవైరస్ మధ్యరకం. రక్షణ ఆగకూడదన్నది నిజమే గానీ, మొదటి ఏడాది ప్రారంభ ధర ఇచ్చి రెండో ఏటి నుంచి బాగా ఎక్కువ వసూలు చేయడం ఈ రంగంలో మామూలే. కాబట్టి పోల్చవలసింది రెన్యువల్ ధరను, పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్నదాన్ని కాదు.

కార్డు మారినా వసూలు ఎందుకు ఆగలేదని అడిగారు. కొత్త కార్డు నంబరును వ్యాపారులకు తామే అందజేసే ఏర్పాటు వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటికీ ఉంది. మీ బ్యాంకు, ఆ వ్యాపారి ఇద్దరూ అందులో ఉంటే మీరు వేలు కదపకుండానే చెల్లింపు కొనసాగుతుంది. పైగా, కార్డును బ్లాక్ చేస్తే ఆగేది చెల్లింపు మాత్రమే, ఒప్పందం కాదు. నెలనెలా కడుతున్నా ఏడాదికి కట్టుబడిన ప్లాన్లు కొన్ని ఉంటాయి. వాటిలో మధ్యలో మానేస్తే మిగిలిన నెలల మొత్తంలో సగం వరకు అడిగే సంస్థలున్నాయి కనుక, ఆపదలచుకున్నదాన్ని ఖాతాలోకి వెళ్లి రద్దు చేసి, నిర్ధారణ మెయిల్ దాచుకోవడమే సరైన దారి. ఫోన్ నుంచి యాప్‌ను తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ రద్దు కాదు. ఇది ఎంతోమంది నమ్మని విషయం.

మర్చిపోవడం వల్ల ఎంత పోతుందంటారా? అమెరికాలో కార్డులు మారిన సందర్భాలను ఆధారం చేసుకుని 2023లో వెలువడిన పరిశోధనలో, కొత్త కార్డు వివరాలు మళ్లీ ఇవ్వవలసి వచ్చినప్పుడు రద్దులు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపించింది. వినియోగదారుల అజాగ్రత్త వల్ల అమ్మకందారుల ఆదాయం సేవను బట్టి 14 శాతం నుంచి 200 శాతానికి పైగా పెరుగుతోందని ఆ పరిశోధకులు అంచనా వేశారు. అందుకే ‘రద్దు’ మీట వెతికినా దొరకని చోట ఉంటుంది. జర్మనీలో 2022 జులై 1 నుంచి వెబ్‌సైట్లలో ఆ మీట కనబడేలా పెట్టడాన్ని చట్టమే తప్పనిసరి చేసింది.

మీ ఇంటికి కావలసింది ప్రత్యేక యాప్ ఏమీ కాదు, ఒక కాగితమో స్ప్రెడ్‌షీటో చాలు. సేవ పేరు, ఎవరి మెయిల్ ఐడీతో తీసుకున్నారు, ఏ కార్డు, తర్వాతి వసూలు తేదీ, అప్పుడు పడే ధర రాయండి. వీటన్నింటికన్నా ముఖ్యంగా, ఎక్కడ కొన్నారో రాయండి. యాప్ స్టోర్ ద్వారా కొన్నదాన్ని ఆ సంస్థ వెబ్‌సైట్‌లో రద్దు చేయబోతే కుదరదు, స్టోర్ సెట్టింగుల్లోనే చేయాలి. వెబ్‌సైట్‌లో కొన్నది స్టోర్ జాబితాలో కనిపించదు. మీరిద్దరూ విడివిడిగా ఒకే సేవకు కడుతున్నవి ఈ జాబితా రాసేటప్పుడే బయటపడతాయి, వాటిని కుటుంబ ప్లాన్‌లోకి మార్చుకోవచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో సేవ పేరు బదులు మాతృసంస్థ పేరో చెల్లింపులు చూసే సంస్థ పేరో ఉండవచ్చు కనుక, గుర్తుపట్టని పద్దును కొట్టివేయకుండా 12 నెలల స్టేట్‌మెంట్లు తిరగేయండి. ఏడాదికి ఒకసారి పడేవి నెల స్టేట్‌మెంట్‌లో దొరకవు.

గుర్తు చేసే అలారం గడువు రోజున కాక పది రోజుల ముందు పెట్టుకోండి. యాపిల్ స్టోర్‌లో కొన్నవాటిని కనీసం 24 గంటల ముందు రద్దు చేయాలి, కొన్ని సంస్థల నిబంధనల్లో ఈ వ్యవధి ఇంకా ఎక్కువ. ఏడాది చందాలన్నింటినీ కూడి పన్నెండుతో భాగించి, ఆ మొత్తాన్ని నెలనెలా వేరే ఖాతాలో వేసి, వాటి వసూళ్లన్నీ ఆ ఖాతా కార్డు నుంచే పోయేలా పెట్టండి. ఆ ఖాతాలో డబ్బు చాలని నెలలో, కొత్తగా ఏదైనా చేరిందేమో వెంటనే చూసుకోవచ్చు. డొమైన్‌కు, స్టోరేజ్‌కు మాత్రం ఈ కార్డు వాడకండి, నిల్వ చాలక వాటి చెల్లింపు ఆగిపోకూడదు.

రద్దు చేయబోయినప్పుడు ‘మరో మూడు నెలలు సగం ధరకే’ అన్న పేజీ వస్తే, ఆ మూడు నెలల తర్వాత పడే ధరను, ఆ తేదీని జాబితాలో రాసుకున్నాకే అంగీకరించండి. ఎలాగూ మానేద్దామనుకున్న సేవైతే సగం ధర కూడా ఖర్చే. పత్రిక విషయంలో మాత్రం తొందర లేదు. ఈ వారం వారి సహాయ కేంద్రానికి రాసి, కొత్త గడువు ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుందో, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారో లిఖితపూర్వకంగా తెప్పించుకోండి. జవాబు రాకపోతే మూడు నెలలు ఆగి ఏడాదికి కట్టండి.