‘ఉండేది’ అంటే ఉన్నట్టే

సందేహం: ‘ఒకప్పుడు అంగారకుడిపై జీవం ఉండేది’, ‘ఉండవచ్చు’, ‘ఉండేదట’ అని ఒకే సంగతిని మూడు రకాలుగా రాస్తున్నారు. ఏది సరి? ‘నివాసయోగ్యం’ అనే మాట ఇక్కడ పనికొస్తుందా?

సమాధానం: మూడూ సరికావు. ముందు అసలు సంగతి చూడాలి. 2013 ఫిబ్రవరిలో నాసా పంపిన క్యూరియాసిటీ రోవర్ (చక్రాల యంత్రం) అంగారకుడిపై గేల్ బిలంలోని ఒక బురదరాయికి 6.4 సెంటీమీటర్ల లోతున రంధ్రం వేసి పొడి తీసింది. అందులో బంకమట్టి ఖనిజాలు, గంధకం, నత్రజని, భాస్వరం, కార్బన్ కనిపించాయి. ఒకప్పుడు అక్కడున్న నీరు మరీ పుల్లనా కాదు, మరీ ఉప్పనా కాదు. దాన్నిబట్టి నాసా మార్చిలో చెప్పింది ఇంతే: సూక్ష్మజీవులు బతకగల పరిస్థితులు అక్కడ ఉండేవి. జీవులు ఉండేవని అనలేదు. ‘పరిస్థితులు’ తీసి ‘జీవం’ పెట్టగానే వార్తే మారిపోయింది.

‘ఊరి చివర చింతచెట్టు ఉండేది’ అంటే ఇక అనుమానానికి చోటు లేదు. ‘ఉండవచ్చు’ ఇప్పటి మాట. ‘వాడు ఇంట్లో ఉండవచ్చు’ అంటే ఈ క్షణాన. దానికి ముందు ‘ఒకప్పుడు’ చేర్చినంత మాత్రాన క్రియ వెనక్కి పోదు. ‘-వచ్చు’కు భూతరూపం లేదు కనుక క్త్వార్థకం (‘చేసి’, ‘ఉండి’ లాంటి రూపం) తోడు తెచ్చుకోవాలి: ‘ఉండి ఉండవచ్చు’. రెండు ‘ఉండు’లు ఎబ్బెట్టుగా ఉన్నాయని ఒకదాన్ని కొట్టేస్తుంటారు. నిజానికి కొట్టేసింది కాలాన్ని. అంత పొడుగు వద్దనుకుంటే ‘ఉండేదేమో’ ఉండనే ఉంది. కాదనేటప్పుడు ‘ఉండి ఉండకపోవచ్చు’.

‘ఉండేదట’ ఇంకా చెడ్డది. ‘-ట’ అనుమానాన్ని చెప్పదు, మరొకరు అన్నారని చెబుతుంది. అంటే శాస్త్రజ్ఞులు అననిది వాళ్ల నోట పెట్టినట్టు. కొందరు ‘అంగారకుడిపై జీవితం’ అనీ రాస్తారు. అది చదివితే అక్కడ కాపురం పెట్టినవాళ్ల కష్టసుఖాలేవో చెప్పబోతున్నట్టుంటుంది.

‘నివాసయోగ్యం’ తప్పు కాదు గానీ, ఆ మాట వినగానే మనకు కప్పు కారని ఇల్లు గుర్తొస్తుంది, సూక్ష్మజీవి కాదు. ‘జీవయోగ్యం’ నయం. పొందిక కూడా చూసుకోవాలి. ‘అంగారకుడు జీవయోగ్యంగా ఉండేది’ అనకూడదు. ‘అంగారకుడు’ మహద్వాచకం (మగవారిని చెప్పే మాటల తీరుది), ‘ఉండేవాడు’ అనాల్సి వస్తుంది. అది నవ్వు తెప్పిస్తుందంటే ‘అంగారక గ్రహం’ అనండి, చిక్కు తీరుతుంది. ‘ఒకప్పుడు అంగారక గ్రహం మీద సూక్ష్మజీవులు బతకడానికి వీలుండేది’ అని ధైర్యంగా రాయవచ్చు.

శుక్రుడి విషయంలో ఆ ధైర్యం వద్దు. ఇప్పుడు అక్కడి నేల మీద వేడి సుమారు 465 డిగ్రీల సెల్సియస్. పూర్వం సముద్రాలు ఉండేవన్నది కంప్యూటర్ నమూనాలనుంచి వచ్చిన ఊహ. బురదరాయి లాంటి సాక్ష్యం చేతికి రాలేదు. అందుచేత అక్కడ జీవానికే కాదు, నీటికి కూడా ‘ఉండి ఉండవచ్చు’ అనే వాడాలి.