పెరటి మడి – పిల్లల వాటా

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మాకు ఏడేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు. పోయిన శ్రావణంలో పిల్లల చేత పెరట్లో పాలకూర, బెండ గింజలు వేయించాను. వానలకు నీరు నిలిచి సగం కుళ్ళిపోయాయి. మిగిలినవి మొలిచాయో లేదో చూస్తానంటూ బాబు తవ్వేశాడు. బురదలో పిల్లలకేం పని అని మా అత్తగారు కోప్పడుతున్నారు. మళ్ళీ ప్రయత్నించవచ్చా?

జవాబు: తప్పక ప్రయత్నించండి. మన డెల్టా ఒండ్రు నేలల్లో బంకమట్టి పాలు ఎక్కువ కనుక శ్రావణ భాద్రపదాల్లో పడిన నీరు త్వరగా ఇంకదు, వేళ్ళకు గాలి అందక లేత మొక్క కుళ్ళిపోతుంది. పైగా పాలకూర, మెంతికూర, కొత్తిమీర చలికాలాన్ని ఇష్టపడేవి. కార్తీకంలో వానలు తెరిపిచ్చాక వేసుకుంటే మీకు సగం బెంగ తీరుతుంది.

ముందుగా అడుగు ఎత్తున మడి కట్టండి. ఇటుకలు లేకపోతే కొబ్బరి డొక్కలు బోర్లించి వరసగా పేర్చినా అంచు నిలుస్తుంది. వెడల్పు రెండడుగులు దాటనివ్వకండి, ఎందుకంటే పిల్లలు మడిలోకి దిగి మట్టిని తొక్కకుండా గట్టున కూర్చునే నడిమధ్యకు చేయి చాచగలగాలి. మట్టి గుల్లబారడానికి ఇసుక కలపమని చాలామంది సలహా ఇస్తారు గానీ, బంకమట్టిలో కొద్దిపాటి ఇసుక పడితే ఎండలకు మరింత బిగుసుకుపోతుంది. రెండు పాళ్ళ మట్టికి ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలపడమే మేలు. మడిని కొబ్బరిచెట్టు కింద మాత్రం పెట్టకండి. నీడ మాట అటుంచి, కాయో మట్టో రాలితే పిల్లలకు ప్రమాదం.

ఇక బాబు తవ్వకం సంగతి. మట్టిలో దాచిన గింజ ఏమైందో చూడాలని ఆ వయసులో ఎవరికి ఉండదు? ఆ కుతూహలానికి ముందే ఒక వాటా కేటాయించండి. గింజలు వేసే రోజే ఒక గాజు గ్లాసు లోపల తడిగుడ్డ చుట్టి, గుడ్డకూ గాజుకూ మధ్య నాలుగు చిక్కుడు గింజలు ఇరికించి, గుడ్డ ఆరకుండా చూడమని బాబుకు అప్పగించండి. కొద్ది రోజుల్లో గింజ ఉబ్బి, పొట్టు చిట్లి, తెల్లని వేరు కిందికి దిగడం కనిపిస్తుంది. అప్పుడు గ్లాసును పక్కకు పడుకోబెడితే, ఒకటి రెండు రోజుల్లో వేరు కొస మళ్ళీ నేలవైపే వంగుతుంది; అది చూశాక పాప అడిగే ప్రశ్నలకు మీరు సిద్ధంగా ఉండాలి! అప్పటికీ తవ్వకం ఆగదనిపిస్తే, నేనైతే మడిలో ఒక మూల గుప్పెడు మెంతులు చల్లి ఆ మూలను అతనికే వదిలేస్తాను. మెంతులు మూడు నాలుగు రోజుల్లోనే మొలుస్తాయి కనుక నాలుగేళ్ళ ఓపికకు సరిపోతాయి. ధనియాలు బద్దలుగా నలిపి వేసినా పది రోజులు దాటవచ్చు, వాటిని పాపకు ఇవ్వండి.

అత్తగారి భయంలో న్యాయముంది. పచ్చి పేడ పిల్లల చేతికి ఇవ్వకండి, చెప్పులు లేకుండా పెరట్లోకి పంపకండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి. చిక్కుడు పాదు, పందిరి బాధ్యత మాత్రం ఆవిడకే అప్పగించి చూడండి. ఆషాఢంలో మట్టి ఎగదోసి ఎత్తు చేసిన పాదులో గింజ పెడితే, పొద్దు తగ్గే రోజుల్లో పూతకు వచ్చి సంక్రాంతికి కాపు అందుతుంది. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం ఎలా కట్టాలో, పరమాన్నం చిక్కుడాకుల్లో ఎలా నివేదించాలో పిల్లలకు ఆవిడే చూపిస్తారు.

ప్రశ్న: మా పాపకు రెండేళ్ళు. ఇంటి ముందు పూలమొక్కలు వేయాలని కడియం నర్సరీలకు వెళ్తున్నాము. ఏవి తేకూడదు?

జవాబు: గన్నేరు, పచ్చగన్నేరు వద్దు; ఆకు, పువ్వు, గింజ, పాలు అన్నీ విషమే. వెడల్పాటి ఆకుల మీద తెల్లని మచ్చలతో ముచ్చటగా కనిపించే డిఫెన్‌బేకియా కూడా వద్దు, దాని ఆకు నమిలితే నోరు, నాలుక వాచిపోతాయి. మందార, బంతి, మల్లె, కనకాంబరం నిశ్చింతగా తెచ్చుకోండి. తెచ్చాక కుండీల కింది పళ్ళేల్లో నీరు నిలవకుండా వారానికి రెండుసార్లు పారబోయండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.