84 ఏళ్ల మామ్మకి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ తట్టుకుంటుందా?

ఒడిశాలోని గుణుపురం నుంచి మీరు రాసినది చదివాను. మామ్మ బాత్రూంలో పడింది, తుంటి విరిగింది. డాక్టరుగారు "మనిషి బాగా బలహీనం, రిస్క్ ఉంది" అన్నారు. చుట్టాలు ఈ వయసులో కోతలెందుకంటున్నారు. ఆ బలహీనతని దేన్నిబట్టి చెప్తారని మీ ప్రశ్న.

మాదీ ఒడిశాలోనే, పర్లాకిమిడి. పోయినేడు జ్యేష్ఠమాసంలో మా అమ్మ ఇలాగే పడింది. అప్పటికి 79. బరంపురంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. మంచం మీద మూలుగుతూ, నొప్పి మందు మత్తులో ఉన్న అమ్మని చూసి "మంచం పట్టిన మనిషి" అని రాసేశారు. పడిన ముందురోజు ఆవిడ నూతిలోంచి నీళ్లు తోడుకుని తులసికోట చుట్టూ ముగ్గు పెట్టింది. ఆ మాట ఎవరూ అడగలేదు, టెన్షన్‌లో మేమూ చెప్పలేదు.

అసలు చూడాల్సింది అదే. కెనడా డాక్టరు రాక్‌వుడ్ బృందం 2005లో తెచ్చిన క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ అని, మనిషి ఎంత బలహీనమో అంకెలో చెప్పే కొలత ఒకటుంది. ఇప్పుడు 1 నుంచి 9 వరకు, అంకె పెరిగేకొద్దీ బలహీనత ఎక్కువ. అందులో ఈరోజు మంచం మీద ఎలా ఉందని కాదు, రెండు వారాల కిందట ఎలా ఉండేదని చూడాలి. బజారు పనికీ డబ్బు లెక్కలకీ సాయం కావాలంటే 5. స్నానానికి కూడా మనిషి కావాలంటే 6. అన్నిటికీ ఒకరు చేయాలంటే 7. అమ్మకి 4 వేయాలి, మా మౌనం వల్ల 7 పడింది.

ఇంకోటి నాటింగ్‌హామ్ స్కోరు, 2008లో వచ్చింది. ఆపరేషన్ తర్వాత నెలలోపు ప్రాణాపాయం ఎంతో అంచనా కడుతుంది. వయసు, మగవారా ఆడవారా, హిమోగ్లోబిన్ 10కి మించి ఉందా లేదా, జ్ఞాపకం, వేరే జబ్బులు, క్యాన్సర్ చరిత్ర, వృద్ధాశ్రమంలో ఉంటున్నారా అన్నవి లెక్కలోకి వస్తాయి.

జ్ఞాపకం దగ్గర మన సరిహద్దు వాళ్లకి ఒక చిక్కుంది. కటక్ వైపు నుంచి వచ్చిన కుర్ర డాక్టరు ఒడియాలో "ఇది ఏ నెల" అని అడిగాడు. అమ్మ "జ్యేష్ఠం" అంది. తప్పని రాసుకున్నాడు. పున్నమి దాటింది కదా, వాళ్ల లెక్కలో ఆషాఢం వచ్చేసింది, మనకి అమావాస్య దాకా జ్యేష్ఠమే! తెలుగు వచ్చిన సిస్టరమ్మ మళ్లీ అడిగితే ఇంటి పేరుతో సహా అన్నీ చెప్పింది. మీ మామ్మని తెలుగులోనే అడగమనండి, కళ్లద్దాలు పెట్టి, చెవి మిషన్ ఉంటే పెట్టి మరీ.

స్కోరు ఎక్కువొస్తే ఆపరేషన్ వద్దని కాదు. విరిగిన తుంటితో పడుకోబెడితే నొప్పి తగ్గదు, పక్క పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం వెంటపడతాయి. ముందే తెలిస్తే రక్తం, మత్తు, గుండె విషయాలు సరిచేసుకుని దిగుతారు. వీలైతే 36 నుంచి 48 గంటల్లో చేయించడం మేలు, చుట్టాల సలహాలతో రోజులు గడపకండి. ఆఖరి దశ జబ్బుతో ఉన్నవాళ్ల సంగతి వేరు. అక్కడ మనిషికి ఏది హాయి అని డాక్టరుతో తేల్చుకోవాలి.

మా అమ్మకి హిమోగ్లోబిన్ 9.2. రక్తమెక్కించి మూడోరోజు సగం కీలు మార్చారు. ఆ రాత్రి లేని మనుషులతో మాట్లాడింది, మాకు ప్రాణం పోయినంత పనైంది. ముసలివాళ్లలో ఇది తరచూ వస్తుంది, చాలామందికి నెమ్మదిస్తుంది. పక్కన తెలిసిన గొంతు ఉండాలి. మర్నాడే వాకర్ పట్టుకుని నిలబెట్టారు. ఇప్పుడు కర్రతో తులసికోట దాకా వెళ్తుంది, నీళ్లు మాత్రం నేను తోడిపెడుతున్నాను. ఏడాదిలోపు ప్రాణాలు పోయేవాళ్లు చిన్న సంఖ్య కాదు, అదీ తెలిసే నిర్ణయం తీసుకోండి.

ఒక కాగితం మీద రాసుకెళ్లండి: మామ్మ రెండు వారాల కిందట ఎంత దూరం నడిచేది, తనే స్నానం చేసేదా, ఏ మందులు వాడుతోంది. రక్తం పల్చబడే మాత్ర ఉంటే అది మొదట చెప్పండి, మత్తు డాక్టరు దానికోసమే అడుగుతారు.