రంగం నుంచి నడిచొచ్చిన వాళ్ళ కథ

ప్రశ్న: మా మావగారికి పదేళ్ళప్పుడు వాళ్ళ కుటుంబం యుద్ధ భయంతో రంగం (బర్మాలోని రంగూన్) నుంచి కాలినడకన బయల్దేరి, 1942 ఉగాది నాటికి విశాఖ చేరిందట. దారిలో ఆయన చెల్లెలు కలరాతో పోయింది. దీన్ని పిల్లల నవలగా రాస్తున్నాను. ఆ చావు తీసెయ్యమంటున్నారు ఇంట్లోవాళ్ళు. ఏం చెయ్యను?
– ఒక పాఠకురాలు, కంచరపాలెం, విశాఖపట్నం

జవాబు: తీసెయ్యకండమ్మా. ఆ పిల్లను తీసేస్తే మిగిలేది షికారు కథ.

1941 డిసెంబరు 23న రంగం మీద జపాన్ బాంబులు పడ్డాయి. అక్కడి రేవులో, బియ్యం మిల్లుల్లో మన ఉత్తరాంధ్ర కూలీలు ఎంతోమంది. ఓడ టిక్కెట్టు దొరకనివాళ్ళు ప్రోం దాకా పోయి, టాంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి నడిచారు. దారి పొడుగునా నీళ్ళ కరువు, కలరా. ఇదంతా మీరు తెలుసుకోవాలి గానీ కథలో పొయ్యకూడదు. పదేళ్ళవాడు చూసిందే రాయండి: నాన్న ఏ మూట వదిలేశాడు, అమ్మ గంజి ముందు ఎవరికి పోసింది. చెల్లెలు పోయిన సాయంత్రం కూడా ఎవరో ఒకరు నీళ్ళు తేవాలి కదా. ఆ పని వాడికివ్వండి. ఏడుపు వర్ణించక్కర్లేదు. పెద్దవాళ్ళు ఏదో దాస్తున్నారని పసిగడితేనే పిల్లలు ఎక్కువ బెదురుతారు.

ఇంకోటి. ఇల్లు చేరగానే కథ కంచికి పంపెయ్యకండి. ఏప్రిల్ 6న విశాఖ రేవు మీదా జపాన్ బాంబులు పడ్డాయి. జనం ఊరొదిలి పల్లెలకు పోయారు. అంత దూరం నడిచొచ్చిన మీవాళ్ళు మళ్ళీ మూటలు కట్టాలి! నాకైతే నవలకు ప్రాణం ఇక్కడే కనిపిస్తోంది. ఏ చుట్టాల పంచన చేరారు? ఆ ఇంట్లో బియ్యం కొలిచి ఇచ్చిందెవరు? మాటల్లో బర్మా మాటలు దొర్లే గుంటణ్ణి బళ్ళో ఏమని ఏడిపించారు? ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. బీచ్ రోడ్డు విశాఖ మ్యూజియంలో అప్పటి బాంబు ఒకటుంది, వెళ్ళి దాని పక్కన నిలబడి చూడండి.

1942 అనగానే నాన్న చేత క్విట్ ఇండియా ఉపన్యాసం ఇప్పించాలనిపిస్తుంది. వద్దు. ఆ ఉద్యమం మొదలైంది ఆగస్టులో.

చెల్లెలి అధ్యాయం రాశాక పక్కింటి పిల్లలకు పైకి చదివి వినిపించండి. వాళ్ళు ఎక్కడ ఆపి ప్రశ్న వేస్తారో అక్కడ ఇంకో పేజీ రాయాలన్నమాట.