ముందు ప్రొడక్టా, ముందు మార్కెటింగా?

ప్రశ్న: మేం ఇద్దరం కలిసి చిన్న వ్యాపారాలకి ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం, ఎనిమిది నెలలైంది. ఇద్దరం కోడ్ రాసేవాళ్లమే. 40 మంది సైనప్ అయ్యారు, కానీ ఆరుగురే మళ్లీ మళ్లీ వాడుతున్నారు. ఇంకో మూడు ఫీచర్లు పెట్టాకే మార్కెటింగ్ అంటాడు మా పార్ట్‌నర్, నేనేమో మిగిలిన డబ్బుతో యాడ్స్ వేద్దాం అంటున్నా. ఎవరిది కరెక్ట్?

జవాబు: ఇప్పటికైతే రెండూ ఆపండి. 40 మందిలో 34 మంది వెళ్లిపోయారు కదా, యాడ్స్ పెట్టి 400 మందిని తెచ్చినా ఇదే లెక్కన 340 మంది పోతారు, అది చిల్లు కుండలో నీళ్లు పోయడమే. అలాగని మీ పార్ట్‌నర్ చెప్పే మూడు ఫీచర్లు ఆ చిల్లు పూడుస్తాయని ఎవరు చెప్పారు? ఆ 34 మందిలో ఎవరైనా అడిగారా? అడగకపోతే అది ఇంకో రెండు నెలల ఊహ, అంతే.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే, వెళ్లిపోయినవాళ్లలో కనీసం పదిమందితో ఫోన్‌లో మాట్లాడండి, ఇద్దరూ కూర్చుని మాట్లాడండి. మా ప్రొడక్ట్ ఎలా ఉంది అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. చివరిసారి ఇన్‌వాయిస్ ఎలా పంపారు, మాది తెరిచాక ఎక్కడ ఆగిపోయారు అని అడగండి. పాత కస్టమర్ల లిస్టు ఎక్కించే దగ్గరే సగం మంది విసిగిపోయి ఉండొచ్చు, అప్పుడు బాగుచేయాల్సింది ఆ ఒక్క స్క్రీనే. తర్వాత ఆ ఆరుగురితో మాట్లాడి, వాళ్లు మీ సాఫ్ట్‌వేర్‌ని ఏ మాటల్లో మెచ్చుకుంటున్నారో ఉన్నదున్నట్టు రాసుకోండి, మీ వెబ్‌సైట్ మీద పెట్టాల్సింది అవే మాటలు. ఒకే ఫోన్ కాల్‌తో ప్రొడక్ట్ పనీ మార్కెటింగ్ పనీ రెండూ అవుతాయి, అందుకే ఈ రెంటినీ వేరు చేసి గొడవపడడం చూస్తే నాకు బాధేస్తుంది.

సూపర్‌హ్యూమన్ అనే ఈమెయిల్ యాప్ పెట్టిన రాహుల్ వోహ్రా ఇలాగే యూజర్లని అడిగాడు, రేపట్నించి ఇది లేకపోతే మీకెలా ఉంటుంది అని. చాలా నిరాశగా ఉంటుంది అన్నవాళ్లు 22 శాతమే, ప్రొడక్ట్ జనానికి నిజంగా కావాల్సిందే అనాలంటే అది 40 శాతం దాటాలి అనేది స్టార్టప్ మార్కెటింగ్ నిపుణుడు షాన్ ఎల్లిస్ చెప్పిన కొలత. అప్పుడు వాళ్లు తమ పనిలో సగాన్ని, యాప్‌ని ఇష్టపడేవాళ్లకి బాగా నచ్చినదాన్ని ఇంకా మెరుగుచేయడం మీద పెట్టారు, మిగతా సగం దాదాపు నచ్చినా ఏదో అడ్డొచ్చి ఆగినవాళ్ల కోసం, పెద్దగా పట్టించుకోనివాళ్లని వదిలేశారు. మూడు క్వార్టర్లలో, అంటే తొమ్మిది నెలల్లో, ఆ 22 శాతం 58కి వెళ్లింది. మీకున్న ఆరుగురితో శాతాలు తీయలేరు కానీ ఆ ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి.

అన్నీ అయ్యాకే జనానికి చూపించాలి అన్నది కూడా నిజం కాదు. ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకునే డ్రాప్‌బాక్స్ 2008లో అందరికీ అందుబాటులోకి రాకముందే, దాన్ని పెట్టినవాళ్లలో ఒకడైన డ్రూ హ్యూస్టన్ అది ఎలా పనిచేస్తుందో చిన్న వీడియో తీసి పెట్టాడు, వెయిటింగ్ లిస్టు ఒక్క రాత్రిలో 5,000 నుంచి 75,000కి పోయింది. తన కోడ్ వేస్ట్ కాదని అతనికి ఆ వీడియోతో తెలిసింది. మీరూ ఆ మూడు ఫీచర్లు రాయకముందే వాటి గురించి ఒక పేజీ పెట్టి ఎవరైనా నొక్కుతారేమో చూడొచ్చు.

టైమ్ సంగతికొస్తే, వారంలో రెండు పూటలు ఇద్దరూ కోడ్ ముట్టుకోకుండా కస్టమర్లకే ఇవ్వండి. కొత్తగా వచ్చిన పదిమందిలో నలుగురైదుగురు రెండో నెల కూడా ఇన్‌వాయిస్ పంపుతున్నారంటే అప్పుడు యాడ్స్‌కి కొంచెం కొంచెంగా డబ్బు పెట్టండి.

ప్రశ్న: మా సేల్స్ అతను ఇంకా రాయని ఫీచర్లు కూడా ఉన్నాయని డెమోలో చెప్పేస్తున్నాడు, డెవలపర్లు కోపంగా ఉన్నారు. ఏం చేయాలి?

జవాబు: డెమోలో స్క్రీన్ మీద పనిచేసేదే చూపించాలి, ఇది గట్టిగా చెప్పండి. కస్టమర్ లేనిది అడిగితే వస్తుంది అనేబదులు, ఇప్పుడు ఆ పని ఎలా చేసుకుంటున్నారండీ అని అడిగి జవాబు రాసుకుని రమ్మనండి. డెవలపర్లలో ఒకరిని వారానికో డెమోకి కూర్చోబెట్టండి, కస్టమర్ నోట నేరుగా విన్నాక ఆ కోపం చాలావరకు తగ్గుతుంది.