వేలంలో కొన్న ‘చండీగఢ్ కుర్చీ’ అసలుది కాదంటున్నారు, డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. రెండు నెలల కిందట ముంబైలోని ఒక వేలం సంస్థ ఆధునిక ఫర్నిచర్, అలంకరణ వస్తువులను ఆన్‌లైన్‌లో వేలం వేసింది. అందులో ఒక కుర్చీ పాడుకున్నాను. కేటలాగులో ‘పియెర్ జెన్నెరే రూపకల్పన, సుమారు 1955–56, టేకు, పేము అల్లిక, చండీగఢ్ ప్రభుత్వ కార్యాలయం నుంచి’ అని ఉంది. పాట 4,80,000 రూపాయల దగ్గర ఖరారైంది. ప్రీమియం (పాట ధర మీద వేలం సంస్థ తీసుకునే అదనపు రుసుము), పన్నులు, రవాణా కలిపి ఆరు లక్షలు దాటింది. కుర్చీ ఇంటికి వచ్చి ఐదు వారాలైంది. మా బంధువుల్లో ఒక ఆర్కిటెక్టు దాన్ని తిరగేసి చూసి, అడుగున కొత్త యంత్రపు రంపం గీతలు ఉన్నాయనీ, తెల్ల రంగు నంబరు నిన్న మొన్న వేసినట్టుందనీ అన్నారు. సంస్థకు ఫోను చేస్తే ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్మాం, నియమాలు చదువుకోండి’ అన్నారు. చివర్లో నాతో పోటీ పడింది ఒక్కరే, అది కూడా అనుమానంగానే ఉంది. డబ్బు తిరిగి వస్తుందా? ఒకవేళ కుర్చీ అసలుదే అయితే అది ప్రభుత్వ సొత్తని పోలీసులు వస్తారా? డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి పంపవచ్చా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు జతచేసిన కేటలాగు పేజీ చూశాను. మీ కేసుకు ప్రాణం ఆ పేజీలోని మొదటి పంక్తి. వేలం సంస్థలు మాటలను ఆచితూచి వాడతాయి. పేరు ఒక్కటే రాస్తే ఒక అర్థం, ‘ఆయనదిగా భావిస్తున్న’ అంటే ఇంకొకటి, ‘ఆయన శైలిలో’ అంటే వేరొకటి. మీ కుర్చీకి అలాంటి తోకలేవీ లేవు. రూపకర్త పేరు, కాలం, చెక్క, ఎక్కడి నుంచి వచ్చిందో అన్నీ సూటిగా చెప్పారు. పాట పలికిన ధర కూడా ఆ మాటల బలం మీదే నిలబడింది.

‘ఉన్నది ఉన్నట్టుగా’ అనే షరతును మీ ముందు పెట్టి సంస్థ చేతులు దులుపుకోవాలని చూస్తోంది. ఆ షరతు దేనికి వర్తిస్తుందో విడదీసి చూడాలి. కాలు కొద్దిగా ఊగుతోంది, పేము ఒకచోట తెగింది, పాలిష్ పోయింది అనే ఫిర్యాదులను అది అడ్డుకుంటుంది. బుట్ట మీద బంగినపల్లి అని రాసి ఉంటే మచ్చ ఉన్న పండును మీరు భరించాలి గానీ, ఇంటికి వచ్చాక లోపల తోతాపురి కనిపిస్తే భరించనక్కరలేదు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 15వ సెక్షన్ చెప్పేది అదే. వర్ణనను బట్టి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. నిజమే, 62వ సెక్షన్ ప్రకారం ఇలాంటి అంతర్లీన షరతులను స్పష్టమైన ఒప్పందంతో తొలగించుకోవచ్చు. సంస్థ తరఫు న్యాయవాది దాన్నే పట్టుకుంటారు. అయితే వస్తువు ‘స్థితి’ గురించిన షరతు వస్తువు ‘గుర్తింపు’ను కూడా మింగేస్తుందని నేను అనుకోను. నియమాల్లో ‘రూపకర్త పేరు మా అభిప్రాయం మాత్రమే’ అని విడిగా రాసి ఉంటే మాత్రం వాదన కష్టమవుతుంది. ఆ వాక్యం ఉందో లేదో వెతకండి. అదే పత్రంలో నికార్సుతనానికి పరిమిత హామీ, దానికి గడువు ఉండే అవకాశమూ ఉంది. చాలా సంస్థలు ఇస్తాయి. ఉంటే ఆ గడువే మీకు అన్నిటికన్నా ముఖ్యం.

ఇక ఆ కుర్చీ నిజంగా నకిలీదేనా? ఇక్కడ తొందరపడకండి. చండీగఢ్ నగరాన్ని స్విస్-ఫ్రెంచి ఆర్కిటెక్టు లె కార్బూజియే రూపొందిస్తే, అక్కడే ఉండి పని నడిపించింది ఆయన బంధువు జెన్నెరే. 1965 వరకు ఆయన అక్కడే ఉన్నారు. కార్యాలయాలు, హైకోర్టు, విశ్వవిద్యాలయం కోసం ఈ సామానును ఒకే కార్ఖానాలో చేయించలేదు. వేర్వేరు చోట్ల స్థానిక వడ్రంగులు చేశారు. అందుకే ఒకే నమూనా కుర్చీల కొలతల్లో కూడా తేడాలుంటాయి. తరువాత దశాబ్దాల్లో అవి పాతబడితే కార్యాలయాలు వాటిని మేడల మీద కుప్పపోసి, తుక్కు కింద వేలం వేశాయి. ఆ తుక్కును కొన్న ఫ్రెంచి వ్యాపారులు బాగు చేయించి పారిస్‌లో, న్యూయార్క్‌లో అమ్మారు. పేము అల్లికను మార్చడం మామూలే. కాబట్టి ‘పేము కొత్తది’ అన్నంత మాత్రాన ఏమీ తేలదు. పాలిష్ కూడా అంతే. కూర్చునే చట్రం అడుగున రంపం గీతలు, అతుకు లోపలి చెక్క రంగు, మరల రకం, శాఖ పేరు సూచించే ఆ తెల్ల రంగు నంబరు కింద మురికి పొర ఉందా లేదా అన్నది చూడాలి. రంగు పాత మురికి పైన ఉంటే ఒక కథ, శుభ్రంగా గీకిన చెక్క మీద ఉంటే మరో కథ. ప్రయోగశాల పరీక్ష చెక్క వయసు చెప్పగలదేమో గానీ, కుర్చీ ఎప్పుడు చేశారో చెప్పలేదు. పాత తలుపు చెక్కతో కొత్త కుర్చీ చేసేవాళ్లకు కొదవ లేదు.

అందుచేత బంధువు మాట చాలదు. ఈ కాలపు ఫర్నిచర్ పునరుద్ధరణలో అనుభవమున్న వ్యక్తితో, మీకు చుట్టం కాని వ్యక్తితో, రాతపూర్వక నివేదిక తీసుకోండి. నిపుణుడి అభిప్రాయాన్ని భారతీయ సాక్ష్య అధినియం 39వ సెక్షన్ కింద న్యాయస్థానం పరిగణిస్తుంది. అప్పటిదాకా కుర్చీకి గుడ్డతో తుడవడం తప్ప మరే సేవా చేయకండి. పాలిష్ పెట్టిస్తే మీ సాక్ష్యాన్ని మీ చేత్తోనే చెరిపినట్టు.

నివేదిక మీకు అనుకూలంగా వస్తే రెండు దారులు. తెలిసే అబద్ధం రాశారని చూపగలిగితే కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద మోసం. తెలియక నమ్మి రాశారంటే 18వ సెక్షన్ కింద తప్పుడు ప్రకటన. రెండింటిలోనూ 19వ సెక్షన్ ప్రకారం ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీది. కానీ రెండో దారిలో ఒక మెలిక ఉంది. మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకునే వీలు మీకు ఉండి ఉంటే రద్దు కుదరదు. ‘ముంబైలో ప్రదర్శన పెట్టాం, వచ్చి చూసుకోవలసింది’ అని వాళ్లు తప్పక అంటారు. కేటలాగులో కుర్చీ అడుగు భాగం ఫొటో ఒక్కటీ లేదు. ఆ లోటు మీకు పనికొస్తుంది. మరో మాట: ‘ఇంత ధర చేయదు’ అనే వాదన జోలికి పోకండి. విలువ గురించిన పొరపాటు అభిప్రాయం చట్టం దృష్టిలో వాస్తవాన్ని గురించిన పొరపాటు కాదని 20వ సెక్షన్ వివరణలోనే రాసి ఉంది. మీ ఫిర్యాదు ధర మీద కాదు, వస్తువు ఏదన్న దాని మీద ఉండాలి.

సంస్థ వేసే మరో ఎత్తు: ‘మేం మధ్యవర్తులం మాత్రమే, అమ్మినది వేరొకరు.’ ఆ వేరొకరు ఎవరో ఇన్‌వాయిసులో ఎక్కడా లేదు. కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ ప్రకారం ఏజెంటు సాధారణంగా వ్యక్తిగతంగా బాధ్యుడు కాడు. కానీ యజమాని పేరు వెల్లడించని ఏజెంటు మీద, ఒప్పందంలో వేరుగా లేకపోతే, బాధ్యత ఉన్నట్టే చట్టం భావిస్తుంది. అమ్మకందారు పేరు గోప్యంగా ఉంచడం వాళ్ల వ్యాపార మర్యాద కావచ్చు. ఆ మర్యాదకు మూల్యం మీరు చెల్లించనక్కరలేదు.

ఐదు వారాలుగా మీరు ఫోన్లతో సరిపెట్టడం నన్ను కలవరపెడుతోంది. సరుకును తిరస్కరిస్తున్నట్టు తెలపకుండా సమంజసమైన కాలం దాటి ఉంచుకుంటే, సరుకుల అమ్మకం చట్టం 42వ సెక్షన్ ప్రకారం అంగీకరించినట్టే. అంగీకరించాక అదే చట్టం 13వ సెక్షన్ కింద మీకు మిగిలేది నష్టపరిహారం అడగడమే. కుర్చీ తిప్పి పంపి మొత్తం డబ్బు అడిగే హక్కు చేజారుతుంది. నిపుణుడి నివేదిక కోసం ఆగకుండా ఈ రోజే ఈమెయిలు పంపండి. ‘వర్ణనకు సరిపోనందున తిరస్కరిస్తున్నాను, వచ్చి తీసుకెళ్లండి, చెల్లించిన మొత్తం వాపసు చేయండి’ అని రెండు వాక్యాలు చాలు. అదే ప్రతిని స్పీడ్ పోస్టులోనూ పంపి రసీదు దాచుకోండి. కుర్చీని మీ ఖర్చుతో ముంబై పంపనవసరం లేదు, అదే చట్టం 43వ సెక్షన్ ఆ భారం మీ మీద పెట్టలేదు.

జవాబు రాకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసే వీలు కల్పించింది. చెల్లించిన సొమ్ము 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషనే వింటుంది. ఐదు నుంచి పది లక్షల మధ్య కేసుకు రుసుము 200 రూపాయలు. గడువు రెండేళ్లు, అది దాటితే కాలదోషం పడుతుంది. ఫిర్యాదును అనుచిత వ్యాపార పద్ధతి, సేవా లోపం అనే పునాదుల మీద రాయించండి. షరతునే అన్యాయమైన ఒప్పందంగా కొట్టేయమని అడిగితే కేసు రాష్ట్ర కమిషన్ పరిధిలోకి పోతుంది. ఆరు లక్షల కుర్చీకి అంత దూరం అనవసరం.

అభ్యంతరాలు ఊహించినవే వస్తాయి. తిరిగి అమ్మి లాభం చేసుకోవడానికి కొన్నారని అంటారు. ఇంట్లో వాడుకోవడానికేనని ప్రమాణపత్రంలో స్పష్టం చేయండి, ‘పెట్టుబడి’ అనే మాట ఎక్కడా రానివ్వకండి, సంస్థకు పాత ఈమెయిళ్లలో అలా రాసి ఉంటే ముందే నాకు చెప్పండి. వేలంలో పాడినవాడు వినియోగదారుడు కాడంటూ సుప్రీంకోర్టు 2009 నాటి అమర్‌జీత్ సింగ్ తీర్పును ముందుకు తెస్తారు. తమాషా ఏమిటంటే అదీ చండీగఢ్ వేలమే. అక్కడ ప్రభుత్వ యంత్రాంగం స్థలాలను ఉన్నవి ఉన్నట్టుగా బహిరంగ వేలంలో ఇచ్చింది. మీ దగ్గర ప్రీమియం పుచ్చుకుని కేటలాగు తయారుచేసి సేవ అందించిన వ్యాపార సంస్థకు ఆ తీర్పు అలాగే అతకదు. వివాదాన్ని కోర్టు బయట మధ్యవర్తి ముందే తేల్చుకోవాలనే (ఆర్బిట్రేషన్) నిబంధన ఉందని అంటే, అది వినియోగదారుల ఫోరాన్ని మూసివేయదని అదే కోర్టు 2018లో ఎమార్ ఎంజీఎఫ్ కేసులో తేల్చింది.

పోటీ పాటదారు మీద మీ అనుమానానికి ఆధారం లేనంతవరకు దాన్ని ఫిర్యాదులోకి తేవద్దు. చట్టం మాత్రం గట్టిగానే ఉంది. అమ్మకందారు తానే పాడతానని ముందే ప్రకటించి హక్కు ఉంచుకోకుండా పాడినా, మనిషిని పెట్టి పాడించినా సరుకుల అమ్మకం చట్టం 64వ సెక్షన్ కింద కొన్నవారు ఆ అమ్మకాన్ని మోసంగా పరిగణించవచ్చు. ధర పెంచడానికి దొంగపాట నడిపితే అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. పాటల చరిత్ర ఇమ్మని ఈమెయిలులో ఒక వాక్యం చేర్చండి, అంతే.

కుర్చీ అసలుదే అని తేలితే పోలీసుల భయం సంగతి. 2011 ఫిబ్రవరిలో కేంద్ర హోం శాఖ చండీగఢ్ వారసత్వ వస్తువుల అమ్మకాలను, ఎగుమతిని అడ్డుకుంటూ ఆదేశం ఇచ్చింది. అక్కడి యంత్రాంగం 12,793 వస్తువుల జాబితా కూడా తయారుచేసింది. అంతకుముందు ప్రభుత్వ వేలంలో చట్టబద్ధంగా అమ్ముడై, చేతులు మారుతూ వచ్చిన కుర్చీ ప్రైవేటు ఆస్తే. తరువాత మాయమైనది అయితే దొంగ సొత్తు, దాని మీద హక్కును ఏ వేలం సుత్తీ మీకు ఇవ్వలేదు. తెలియక కొన్నందుకు మీ మీద నేరం నిలవదు గానీ కుర్చీని పోలీసులు స్వాధీనం చేసుకోగలరు. పాత ప్రభుత్వ వేలం రసీదు ప్రతి ఇమ్మని సంస్థను అడగండి. అది చేతికొస్తే అసలుదా కాదా అన్న ప్రశ్నకూ సగం జవాబు దొరుకుతుంది.

డల్లాస్‌కు ఇప్పుడు పంపవద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ఇలాంటి వస్తువుల్లో వందేళ్లు నిండిన వాటికే వర్తిస్తుంది, ఇది ఆ లెక్కలోకి రాదు. ఎవరి కృతులను కళానిధులుగా ప్రకటించారో ఆ తొమ్మిది మంది చిత్రకారుల జాబితాలోనూ జెన్నెరే లేరు. అయినా హోం శాఖ ఆదేశాన్ని బట్టి కస్టమ్స్‌లో కుర్చీ ఆగిపోవచ్చు. పురావస్తు శాఖ నుంచి ‘పురావస్తువు కాదు’ అనే ధ్రువపత్రం, ప్రభుత్వ వేలం రసీదు రెండూ లేకుండా ప్రయత్నించడం వృథా. చెక్క టేకు కాక షీషం అని తేలితే అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందం కాగితాల గొడవ వేరే. పైగా వివాదం నడుస్తున్న వస్తువును దేశం దాటించారంటే కమిషన్ ముందు చూపడానికి మీ దగ్గర కుర్చీయే ఉండదు.

సంస్థ నుంచి జవాబు వచ్చాక దాని ప్రతిని, మీరు అంగీకరించిన నియమాల పూర్తి పాఠాన్ని, ఇన్‌వాయిసును పంపండి. ప్రతివాదిగా సంస్థ ఒక్కదాన్నే చేర్చాలా, అమ్మకందారునూ చేర్చాలా అన్నది వాటిని చూశాక చెబుతాను.